ఒమాన్ దారిలో జల్లెడ పట్టుకుని

ఒమాన్ వెళ్ళొచ్చానని తెలిసిన దగ్గర్నుంచి ఎవరు కనిపించినా ఎడారి ఎలా ఉంది, ఒంటె ఎక్కావా, బంగారం కొన్నావా అని అడుగుతున్నారు. ఎడారిని కారు అద్దంలోంచి చూశాను. ఒంటె నన్ను చూసి మొహం తిప్పుకుంది. బంగారం కొనలేదు. కానీ ఇబ్రా నుంచి సోహార్ దాకా ఏ పెట్రోలు బంకులో మరుగుదొడ్డి ఎలా ఉంటుందో, ఏ తలుపుకి గడియ సరిగ్గా పడుతుందో అడగండి, కళ్ళు మూసుకుని చెబుతాను. అంత దూరం వెళ్ళి నేర్చుకొచ్చింది ఇదా అనుకుంటారేమో. మొత్తం చదివాక అనండి.

ముందు నా సంగతి కొంచెం చెప్పాలి. పాలకొల్లు దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఆ బడిలో చాలాకాలం ఆడవాళ్ళకి ఒక్కటే దొడ్డి. దానికి గడియ లేదు. ఒకళ్ళు లోపలికి వెళితే ఇంకొకళ్ళు బయట కాపలా. అందుకని టీచర్లమందరం ఒక పద్ధతి పెట్టుకున్నాం. పొద్దున్న అరగ్లాసు కాఫీ, మళ్ళీ సాయంత్రం ఇంటికెళ్ళాకే నీళ్ళు. ప్రయాణమంటే ముందురోజు సాయంత్రం నుంచే బంద్. హైదరాబాద్ నుంచి పాలకొల్లు దాకా ఒక్కసారి కూడా దిగకుండా వచ్చిన చరిత్ర నాది. దాన్ని నలుగురిలో గొప్పగా చెప్పుకునేదాన్ని కూడా.

మా చెల్లెలు సుగుణ పదిహేనేళ్ళుగా ఒమాన్‌లో నర్సు. ఇబ్రా అనే ఊళ్ళో ఉద్యోగం. ఈ చలికాలంలో దానికి వారం రోజులు సెలవు దొరికింది. "ఆ వారమంతా నీతోనే అక్కా. ఇద్దరం కలిసి తిరిగి ఎన్నాళ్ళయింది?" అంది ఫోన్లో. లెక్కేసి చూస్తే దాని పెళ్ళయ్యాక ఒక్క వారం కూడా మేమిద్దరం కలిసి లేము. వీసా కాగితాలు అదే పంపింది. నేను పచ్చళ్ళు కట్టుకుని బయల్దేరాను, యథాప్రకారం ముందురోజు సాయంత్రం నుంచి నీళ్ళు మానేసి.

మస్కట్ నుంచి ఇబ్రా

విమానాశ్రయానికి సుగుణతో పాటు ఒకాయన వచ్చాడు. పేరు భోజన్న, నిర్మల్ వైపు మనిషి, ఇబ్రాలో ఒక బిల్డింగ్ కంపెనీలో డ్రైవరు. ఆసుపత్రిలో ఉన్నప్పుడు సుగుణ తనను బాగా చూసుకుందని ఆయనకి ఎంతో గురి. మా వారం సంగతి తెలిసి తనూ సెలవు పెట్టుకుని, సుగుణ కారు తోలడానికి వచ్చాడు. సుగుణని సిస్టరమ్మా అంటాడు. నన్ను చూడగానే పెద్దక్కా అన్నాడు.

కారెక్కగానే సుగుణ నా చేతిలో లీటరు సీసా పెట్టింది. "ఇబ్రా వెళ్ళేసరికి ఇది ఖాళీ అవ్వాలి."

"ఇప్పుడే విమానంలో తాగేనే తల్లీ" అన్నాను. అబద్ధం.

రెండు గంటల దారి. అటూ ఇటూ ఒక్క గడ్డిపరక లేని కొండలు, బెల్లం దిమ్మలు పేర్చినట్టు. మధ్యలో ఒక టీ కొట్టు దగ్గర భోజన్న కారు ఆపి హారన్ కొట్టాడు. కొట్టులోంచి ఒక కేరళ అబ్బాయి పరుగెత్తుకొచ్చి కారు దగ్గరే ఏం కావాలో అడిగి వెళ్ళాడు. వంద బైసాలకి, అంటే మన ఇరవై రూపాయల పైచిలుకుకి, కాగితపు గ్లాసులో చిక్కటి యాలకుల టీ. ఇక్కడ ఎవరూ దిగరట, హారన్ కొడితే చాలట. మా ఊళ్ళో టీకొట్టు ముందు అలా హారన్ కొడితే టీ మొహాన పోస్తారు.

వాళ్ళిద్దరూ టీ తాగుతుంటే నేను కాళ్ళు చాపుకుంటానని చెప్పి దిగాను. రోడ్డు పక్కన ముళ్ళచెట్టు ఒకటి ఉంటే దాని మొదట్లో సీసా సగం వొంపేశాను. ఎవరూ చూడలేదనుకున్నాను. తిరిగొచ్చి సగం సీసా సుగుణకి చూపించాను. "మా అక్క బంగారం" అంది.

వాదీలో తోపుడు బండి

మర్నాడు ఇబ్రా చుట్టుపక్కల తిరిగాం, ఆ మర్నాడు ఒక వాదీకి వెళ్ళాం. వాదీ అంటే కొండల మధ్య ఏరు. కారు ఆపిన చోటి నుంచి పిల్లకాలువ పక్కనే ఖర్జూరపు తోటల్లో కాస్త నడవాలి. నడిచాక ఒక్కసారిగా పచ్చగా, నీలంగా, అడుగున గులకరాళ్ళు కనిపించేంత తేటగా మడుగులు. అంతటి రాళ్ళ దేశంలో ఆ నీళ్ళు! ఒమానీ కుటుంబాలు చాపలు పరుచుకుని, పెద్ద పళ్ళేల్లో అన్నం పెట్టుకుని చుట్టూ కూర్చుని తింటున్నాయి. ఒకే పళ్ళెంలో ఏడెనిమిది చేతులు. మనం ఎంగిలి అంటాం, వాళ్ళు ప్రేమ అంటారు.

ఆ రెండు రోజుల్లో నా నీళ్ళన్నీ మూడు చెట్లూ ఒక పూలకుండీ తాగాయి.

మడుగు ఒడ్డున కూర్చున్నానో లేదో కుడి నడుములో ఎవరో గునపం దింపినట్టయింది. వాయువు అనుకున్నాను. లేచాను, కూర్చున్నాను, పడుకున్నాను, ఎలా ఉన్నా అంతే. నొప్పి నడుము నుంచి పొత్తికడుపులోకి జారింది. పట్టపగలే చుక్కలు కనిపించాయి. పొద్దున తిన్న ఇడ్లీ మొత్తం ఆ అందమైన ఏటి ఒడ్డునే కక్కుకున్నాను. నేను బతకనేమో అనిపించింది, నిజంగానే అనిపించింది.

పక్క చాప మీది ఒమానీ ఆవిడ పళ్ళెం వదిలేసి పరుగెత్తుకొచ్చింది. తన చాప మీద నన్ను పడుకోబెట్టి, తల ఒళ్ళో పెట్టుకుని, ఫ్లాస్కులోంచి చల్లటి నీళ్ళు తీసి మొహం తుడిచింది. "పానీ, పానీ, శ్వయ్ శ్వయ్" అంటూ కొద్దికొద్దిగా తాగించింది. ఆవిడని అందరూ ఉమ్మ్ సాలిం అంటున్నారు. సాలిం వాళ్ళమ్మ అని అర్థం. మా ఊళ్ళో బుజ్జిగాడి వాళ్ళమ్మ అన్నట్టే. తన పేరేమిటో నాకు చివరిదాకా తెలియలేదు.

నడవలేను. కారు దూరం. అక్కడ సామాన్లు మోసే బంగ్లాదేశ్ కూలీల దగ్గర ఒంటి చక్రం తోపుడు బళ్ళు ఉంటాయి, సిమెంటు మోసేవి. భోజన్న ఒక బండి తెచ్చి అందులో దుప్పటి పరిచాడు. రిటైర్డు తెలుగు టీచరు, గ్రేడ్ వన్, మడిచిన గొడుగులా తోపుడు బండిలో ఖర్జూరపు తోటల గుండా ఊరేగింది. దారిలో పిల్లలు చేతులూపారు. నేను కూడా ఊపానట, సుగుణ చెప్పింది. నాకు గుర్తులేదు.

కారులో సుగుణ నా పొట్ట నొక్కి చూసి అడిగింది. "అక్కా, నీళ్ళు తాగేవా లేదా? నిజం చెప్పు."

"తాగేనే."

ముందు సీట్లోంచి భోజన్న గొంతు సవరించుకున్నాడు. "సిస్టరమ్మా, నన్ను తప్పు వట్టకుండ్రి. పెద్దక్క నీళ్ళు చెట్లకు వోసింది. అద్దంల నేను జూసిన."

"చెట్టుకి నీళ్ళు పోస్తే పుణ్యం కదే" అన్నాను, ఆ నొప్పిలో కూడా.

"తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నాట్ట!" అని అరిచింది సుగుణ. అక్కణ్ణుంచి నాతో మాటలు మానేసింది. నా చెయ్యి మాత్రం వదల్లేదు.

ఇబ్రా ఆసుపత్రి

ఇంజెక్షన్ చేసిన కాసేపటికి నొప్పి గునపం తీసేసుకుని వెళ్ళిపోయింది. ఆ సుఖం ముందు ఏ పండగా చాలదు. స్కానింగు అయ్యాక ఒక ఒమానీ డాక్టరమ్మ వచ్చి కాగితం మీద చిక్కుడు గింజలా మూత్రపిండం, దాని నుంచి సన్నటి గొట్టం గీసి, గొట్టం చివర్లో ఒక చుక్క పెట్టింది.

"ఐదు మిల్లీమీటర్ల రాయి. కిందికి దిగింది. ఇలాంటివి చాలావరకు వాటంతట అవే పడిపోతాయి. మాత్రలు వేసుకోండి, నీళ్ళు బాగా తాగండి. జ్వరం వచ్చినా, మూత్రం ఆగిపోయినా వెంటనే రావాలి" అంది. నా తిరుగు ప్రయాణం సోమవారం అని చెబితే తల అడ్డంగా ఊపింది. "ఆదివారం దాకా చూద్దాం. పడకపోతే లోపలికి గొట్టం పంపి తీయాలి. రాయి పెట్టుకుని విమానం ఎక్కనివ్వను." తర్వాత నా కేసి చూసి అడిగింది. "ఎండలో పనిచేసేవాళ్ళకి ఇక్కడ ఇది మామూలే. మీరేం పని చేస్తారు?"

"టీచర్ని" అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు.

అర్థమైంది భోజన్నకే. ఇంటికి తీసుకెళుతూ చెప్పాడు. "పెద్దక్కా, నేను డ్రైవరు కాకముందు ఎనిమిదేండ్లు సైట్ల పరంజా గట్టెటోన్ని. పైకి ఎక్కినంక ఒంటేలుకు దిగాల్నంటె దిగుడు, నడుసుడు, మల్ల ఎక్కుడు. ఫోర్‌మన్ లొల్లి వెడ్తడు. అందుకే పొద్దుగాల ఒక్క గిలాస తాగి ఎక్కేటోల్లం, మల్ల పొద్దుమీకే. రెండు రాళ్ళు వడ్డయి నాకు. కోసి తీసిన్రు. గప్పుడే ఈ సిస్టరమ్మ నన్ను జూసుకున్నది. మీరు చెట్టుకు వోస్తుంటె నాకు నేనే యాదికొచ్చిన."

ఇద్దరం ఒకే తప్పు చేశాం. ఆయన గాలిలో వెదురుబొంగు లాంటి పైపుల మీద నిలబడి, నేను నల్లబల్ల ముందు నిలబడి. అప్పుడే చెప్పకపోయావేం అని అడిగితే, "పెద్ద టీచరు, నేను జెప్తె ఇంటరా అనుకున్న" అన్నాడు. నాకు సిగ్గేసింది.

మర్నాడు పొద్దున్న సుగుణ ఒక కొత్త టీ వడకట్టే జల్లెడ తెచ్చి నా ముందు పెట్టింది. ఇకనుంచి ప్రతిసారీ అందులోంచే. రాయి పడితే తెలియాలి, దాన్ని పరీక్షకి పంపాలి. "ఇది వంటింట్లోకి వచ్చిందంటే నువ్వూ అదీ ఇద్దరూ బయటికే" అంది. వాదీలో కోప్పడ్డాక అది నాతో పలికిన మొదటి మాట. దాని సెలవంతా నేను తినేశాను. ఆ సంగతి గుర్తొచ్చి స్నానాలగదిలో కూర్చుని ఏడ్చాను, జల్లెడ చేతిలో పట్టుకునే.

ఊరి నుంచి ఫోన్ల మీద ఫోన్లు. ఉలవచారు అని ఒకరు, కొండపిండి ఆకు అని ఒకరు, అరటి దూట రసం అని ఇంకొకరు. సుగుణ ఫోను లాక్కుని, "ఇబ్రాలో దూట నేనెక్కణ్ణుంచి తేనమ్మా? నీళ్ళు తాగితే చాలు" అని పెట్టేసింది.

బుధవారం సంత

ఇబ్రాలో బుధవారం ఆడవాళ్ళ సంత. అమ్మేదీ ఆడవాళ్ళే, కొనేదీ ఆడవాళ్ళే, మగవాళ్ళు అడుగుపెట్టకూడదు. భోజన్న బయటే కారులో ఉండిపోయాడు. వాదీలో ఆ కంగారులో ఉమ్మ్ సాలిం ఫ్లాస్కు మాతో పాటు కారులోకి వచ్చేసింది. తనకి అక్కడ బట్టల కొట్టు ఉందని ఆవిడ వాదీలోనే సుగుణతో చెప్పిందట. ఫ్లాస్కు ఇవ్వడానికి వెళ్ళాం.

నన్ను చూడగానే కావలించుకుని బల్ల వెనక కూర్చోబెట్టింది. ఖర్జూరాలు, పిడి లేని చిన్న కప్పులో ఖహ్వా. ఖహ్వా అంటే పాలు, పంచదార లేని పల్చటి యాలకుల కాఫీ. తాగాను. మళ్ళీ పోసింది. తాగాను. మళ్ళీ పోసింది. వద్దనడం మర్యాద కాదని ఏడు కప్పులు తాగాను. అటు సుగుణ ఎవరితోనో బేరంలో ఉంది. తిరిగొచ్చి చూసి పకపకా నవ్వింది. చాలనుకుంటే ఖాళీ కప్పుని వేళ్ళతో ఇటూ అటూ ఊపి ఇవ్వాలట. ఊపకపోతే పోస్తూనే ఉంటారట. రెండు రోజుల తర్వాత అది నవ్వడం అప్పుడే. ఇంకో ఏడు కప్పులు తాగడానికైనా నేను సిద్ధపడ్డాను.

బయట మసీదు గోడకి ఒక చల్లటి నీళ్ళ పెట్టె, పక్కన స్టీలు గ్లాసు. దారినపోయే ఎవరైనా తాగొచ్చు. ఇలాంటివి ఊరంతా ఉన్నాయి, కొన్ని ఇళ్ళ గోడలకి కూడా. రెండు రోజుల క్రితం వీటి ముందు నుంచే తల తిప్పుకుని వెళ్ళాను. మన చలివేంద్రమైతే ముందు బ్యానరు కడతారు, తర్వాత కుండ పెడతారు, వానలు రాగానే రెండూ తీసేస్తారు. ఇక్కడ దాత ఎవరో వెతికినా కనపడలేదు. రెండు గ్లాసులు తాగాను. భోజన్న కారులోంచి చూసి బొటనవేలు ఎత్తాడు.

సోహార్ దారి

గురువారం సోహార్ వెళ్ళాలి. శుక్రవారం అక్కడ తెలుగువాళ్ళ చర్చి ఆరాధన, సుగుణ స్నేహితులంతా వస్తారు. సుగుణ మానేద్దామంది. నొప్పి లేదు, జ్వరం లేదు, వెళ్దాం అని నేను పట్టుబట్టాను. డాక్టరమ్మకి ఫోన్ చేసి అడిగి సుగుణ ఒక షరతు పెట్టింది. ప్రతి గంటకీ ఆగాలి.

అలా ఆ నాలుగున్నర గంటల దారి ఏడు గంటలైంది. ఆగిన ప్రతిచోటా నేను చేతిసంచిలో జల్లెడతో దిగడం, వాళ్ళిద్దరూ కారులోంచి ఆశగా చూడటం, నేను తల అడ్డంగా ఊపుతూ రావడం. నాలుగో బంకు దగ్గర నాకు ధైర్యం చెదిరింది. ఇంకా మూడు రోజులే. గొట్టం, మత్తు, వాయిదా పడిన టిక్కెట్టు, మళ్ళీ డ్యూటీలో చేరాల్సిన సుగుణ నా మంచం పక్కన. అన్నీ కళ్ళముందు తిరిగాయి.

ఐదోసారి చుట్టుపక్కల బంకు లేదు. రోడ్డు పక్కన ఒక మసీదు. నేను తటపటాయించాను. మేం క్రైస్తవులం, అందులో నా చేతిలో జల్లెడ.

"పోండ్రి పెద్దక్కా" అన్నాడు భోజన్న. "ఆడోల్లది అటు పక్క ఉంటది. గీడ ఎవ్వలు ఏమనరు."

తెల్లటి పలకలు, తళతళలాడే కొళాయిలు, బలమైన గడియ. మా బడికి ఇలాంటి తలుపు ఒక్కటుంటే నా జాతకం వేరేగా ఉండేది అనుకుంటూ కూర్చున్నాను. సన్నగా మంట, ఒక్క క్షణం ఏదో అడ్డం పడ్డట్టు. ఆ తర్వాత జల్లెడలో టిక్ మని చప్పుడు.

చూశాను. ఆవగింజకి కాస్త పెద్దన్న. గోధుమ రంగు, ఒళ్ళంతా గరుకు. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు, ఇంత చిన్నదానికా నేను తోపుడు బండెక్కింది! "స్తోత్రం!" అని అరిచాను. పలకల గోడల్లో అది మూడుసార్లు మోగింది.

బయట ఎవరో కంగారుగా తలుపు తట్టారు. తీస్తే చేతులు కడుక్కుంటున్న ఒక ముసలావిడ. భాష రాదు. జల్లెడ చూపించి, నడుము చూపించి, రెండు చేతులూ పైకెత్తాను. ఆవిడ వంగి చూసి, "హసా!" అంది. అంటే రాయి అని నాకు ఇబ్రా ఆసుపత్రిలోనే తెలిసింది. "అల్‌హమ్‌దులిల్లా!" అని నా తల మీద చెయ్యి పెట్టింది. ఆవిడ దేవుడికి ఆవిడా, నా దేవుడికి నేనూ ఆ కొళాయిల పక్కన కృతజ్ఞత చెప్పుకున్నాం.

"పడ్డదా పెద్దక్కా?" దూరం నుంచే భోజన్న అరిచాడు. నేను జల్లెడ ఎత్తి చూపించాను. ఆయన మసీదని కూడా చూడకుండా హారన్ కొట్టేసి నాలుక కరుచుకున్నాడు.

సుగుణ జల్లెడ అందుకుని, రాయిని చిన్న డబ్బాలో వేసి, మూత బిగించి, అంతా నర్సులా చక్కగా చేసింది. తర్వాత కారు బానెట్ మీద తల పెట్టుకుని ఏడ్చింది. "నాకు భయమేసిందక్కా. రోజూ ఎంతమందినో చూస్తాను, ఎప్పుడూ ఇంత భయపడలేదు. నువ్వు నాకు అబద్ధం చెప్పేవ్."

"ఇంకెప్పుడూ చెప్పనే" అన్నాను. దాని వీపు నిమురుతూ నేనూ ఏడ్చాను. ఆ మధ్యాహ్నం అంత తేలిగ్గా నేను ఎప్పుడూ ఊపిరి పీల్చుకోలేదు.

సోహార్‌లో సాక్ష్యం

సోహార్‌లో శుక్రవారమే ఆదివారం. సెలవు ఆ రోజే కాబట్టి ఆరాధన కూడా ఆ రోజే. ఒకే హాల్లో ముందు మలయాళం వాళ్ళు, తర్వాత తమిళులు, తర్వాత మనం. పాటలయ్యాక సాక్ష్యాలు చెప్పేవాళ్ళు లేవండి అన్నారు. మా సంఘాల్లో అది ఆచారం, దేవుడు చేసిన మేలు నలుగురిలో నిలబడి చెప్పాలి. నేను లేచాను.

ముప్పై ఏళ్ళు పాఠం చెప్పిన గొంతు, దాచుకోవడం తెలియదు. గడియలేని దొడ్డి, అరగ్లాసు కాఫీ, చెట్లకి పోసిన నీళ్ళు, చెల్లెలికి చెప్పిన అబద్ధం, తోపుడు బండి, మసీదు, జల్లెడ, అన్నీ చెప్పాను. పాస్టరు గారు రెండుసార్లు దగ్గారు. మగవాళ్ళు నేల చూశారు. ఆడవాళ్ళు మొదట నవ్వారు, తర్వాత నవ్వడం మానేశారు.

భోజనాల దగ్గర చుట్టూ చేరారు. కొవ్వూరు నుంచి వచ్చిన ఒక నర్సు అంది. "వార్డులో రద్దీగా ఉంటే నేనూ డ్యూటీ అయ్యేదాకా తాగనండి." ఇంకో ఇద్దరు తలూపారు. అందరికీ నీళ్ళు తాగమని చెప్పేవాళ్ళు వీళ్ళు. నేను సుగుణ కేసి తిరిగాను.

"మరి నువ్వో?"

అది చికెన్ ముక్క మీద అమాంతం శ్రద్ధ చూపించింది.

"సుగుణా."

"ఒక్కోసారి అక్కా" అంది. లీటరు సీసా తీసి దాని ముందు పెట్టాను. ఇద్దరం వంతులేసుకుని ఖాళీ చేశాం.

మిగిలిన రెండు రోజులూ సోహార్ సముద్రం ఒడ్డున నడిచాం, కాల్చిన చేప తిన్నాం, చిన్నప్పటి తగువులన్నీ మళ్ళీ పోట్లాడుకున్నాం. స్కానింగులో దారి శుభ్రంగా ఉందని వచ్చింది. సోమవారం విమానం ఎక్కాను. భోజన్న విమానాశ్రయంలో ఒక సీసా చేతికిచ్చి, "చెట్లకు పోయకుండ్రి" అన్నాడు.

పాలకొల్లు బస్సు

రాజమండ్రిలో రైలు దిగి పాలకొల్లు బస్సెక్కాను. చేతిలో సీసా, సగానికి పైగా తాగేశాను. రావులపాలెం దాటేసరికి ఆగలేని పరిస్థితి. పాత నేనైతే పళ్ళు బిగించి కూర్చునేదాన్ని. లేచి కండక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆడపిల్లే, నలభై లోపు ఉంటుంది, భుజాన టిక్కెట్ల మిషను.

"అమ్మా, ముందు బంకు దగ్గర బస్సాపించు. నేను వెళ్ళాలి."

"ఇప్పటికే లేటండి. ఇంకో గంటలో పాలకొల్లే, కాస్త ఓర్చుకోండి."

"ముప్పై ఏళ్ళు ఓర్చుకున్నానమ్మా. ఇవాళ బస్సు ఐదు నిమిషాలు ఓర్చుకుంటుంది."

బస్సంతా వినపడింది. వెనక సీట్లో ఎవడో కిసుక్కున నవ్వాడు. ఆ అమ్మాయి నా మొహం ఒక క్షణం చూసి విజిల్ వేసింది. డ్రైవరు గొణుక్కుంటూ బంకు ముందు ఆపాడు.

దిగి నాలుగడుగులు వేశాక వెనక చెప్పుల చప్పుడు వినిపించి తిరిగి చూశాను. ఖాళీ చేపల గంప చంకన పెట్టుకున్న ఒకావిడ దిగింది. ఆమె వెనక ఇద్దరు కాలేజీ పిల్లలు, వాళ్ళ వెనక కడుపుతో ఉన్న ఒకమ్మాయి. ఆఖర్న టిక్కెట్ల మిషను డ్రైవరు చేతికిచ్చి కండక్టరు కూడా దిగింది.